చిటికెన వేలితో చూసే మనిషి

వెర్నెల్ టాకెట్ చేతికి తుపాకీ అందిస్తూ “ఖాళీదేనమ్మా” అన్నవాళ్ళకి ఆవిడ పందొమ్మిదేళ్ళుగా ఒకటే జవాబు చెబుతోంది. “మంచిది నాయనా. ఇద్దరం కలిసి చూద్దాం.”

ఆవిడ కూర్చునేది మా సంత హాలు తలుపు దగ్గర. నెలకోసారి, రెండో శనివారం, అమెరికాలోని ఈ ఆర్కాన్సా కొండల్లో నాలుగు కౌంటీల జనం తుపాకులు అమ్మడానికీ కొనడానికీ మార్చుకోవడానికీ అక్కడికొస్తారు. తాత వాడిన రైఫిలు భుజాన వేసుకొచ్చేవాడైనా, చేతిసంచిలో పిస్టలు పెట్టుకొచ్చే దంతవైద్యురాలైనా ఆ బల్ల దాటే లోపలికి రావాలి. నాది పక్క బల్లే, జేబుకత్తులు అమ్ముతాను. బేరాలు లేనప్పుడు ఆవిడ మాటలు వినడమే నా పని. బేరాలున్నప్పుడూ అదే పనిలెండి.

ఆవిడ బల్ల మీద పెద్ద సరంజామా ఏమీ ఉండదు. చిన్న టార్చిలైటు, పసుప్పచ్చ ప్లాస్టిక్ పట్టీల కట్ట, కాఫీ ఫ్లాస్కు. పక్కన ఇసుక నింపిన డ్రమ్ము. వెనక కాంక్రీటు గోడకి ఆనించి ఇసుక బస్తాల దొంతర. వచ్చినవాడు తుపాకీ మూతి ఆ డ్రమ్ములోకి పెట్టాలి. వేలు పేల్చే మీట మీద ఉండకూడదు. పిస్టలైతే ముందు తూటాలుండే మ్యాగజైను తియ్యాలి, తర్వాతే పైనుండే స్లైడు వెనక్కి లాగాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. అప్పుడావిడ టార్చి వేసి చూస్తుంది. చూశాక తన చిటికెన వేలు తూటా కూర్చునే గూట్లోకి పెడుతుంది. వేలికి ఖాళీ తగిలితేనే ఆ సందులోంచి పసుప్పచ్చ పట్టీ దూర్చి బిగిస్తుంది. పట్టీ ఉన్నంతసేపూ ఆ తుపాకీ మూసుకోదు, పేలదు.

“టార్చి వేసి చూశారుగా, మళ్ళీ వేలెందుకండీ?” అని ఒకసారి అడిగాను.

“బూట్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు చేశాను. తయారైన ప్రతి బూటులోనూ చెయ్యి పెట్టి, ఎక్కడైనా మేకు మొన పొడుచుకొచ్చిందేమో తడిమి చూడటం నా ఉద్యోగం. కళ్ళు ఎప్పుడూ మనకి కావలసిందే చూపిస్తాయి. బూటు బాగుందనుకుంటే బాగున్నట్టే కనపడుతుంది. వేలికి ఆ మొహమాటం లేదు.”

మావాళ్ళు చేసే తప్పు ఒకటుంది. తుపాకీ ఎరగనివాడు ఈ తప్పు చెయ్యడు, వాడు అసలు ముట్టుకోనే ముట్టుకోడు. బాగా అలవాటైన చెయ్యే చేస్తుంది. మ్యాగజైను తియ్యకుండా ముందు స్లైడు లాగుతారు. గూట్లో ఉన్న తూటా టక్కున బయటపడుతుంది. అది చూసి నిశ్చింతగా మ్యాగజైను ఊడదీసి జేబులో వేసుకుంటారు. కానీ స్లైడు ముందుకెళ్తూ మ్యాగజైనులోంచి ఇంకో తూటాని ఎత్తి గూట్లో కూర్చోబెట్టేసి ఉంటుంది. అలాంటివాళ్ళని వెర్నెల్ ఒక్క మాట కూడా అనదు. “ఇంకొక్కసారి లాగు బాబూ” అంటుంది. రెండో తూటా బల్ల మీద దొర్లేసరికి మనిషి మొహం పాలిపోతుంది. “ఏం పర్వాలేదు, ఇందుకేగా నేనున్నది” అని చిన్న గ్లాసులో కాఫీ పోసిస్తుంది.

ఇదంతా చెయ్యడానికి ఒక్కొక్కరికీ ఒకటిన్నర నిమిషం పడుతుంది. గొడవంతా అక్కడొచ్చింది.

పోయిన చలికాలం సంత నిర్వహణ కర్బీ డాలర్‌హైడ్ అనే అతని చేతికొచ్చింది. చురుకైనవాడు, నవ్వుమొహం వాడు, చేతి గడియారం పెద్దది. ఫిబ్రవరి సంతకి ముందురోజు మేం బల్లలు సర్దుకుంటుంటే వచ్చి వెర్నెల్ ముందు నిలబడ్డాడు.

“మిస్ వెర్నెల్, మీరంటే నాకెంత గౌరవమో మీకు తెలుసు.”

“అయితే చెడ్డ కబురే తెచ్చావు. చెప్పు.”

“లైను పార్కింగు దాకా పోతోందండీ. జనం విసిగిపోయి పక్క కౌంటీ సంతకి పోతున్నారు. అక్కడ లోడుందా అని అడుగుతారు, లేదంటే పట్టీ కట్టి పంపేస్తారు. మనం కూడా సెక్యూరిటీ వాళ్ళని ఇద్దర్ని పెట్టుకుందామని.”

“వాళ్ళు వేలు పెట్టి చూస్తారా?”

“అడుగుతారు.”

“అడగడానికి మనుషులెందుకు కర్బీ? తలుపు మీద రాసి అంటించెయ్యి.”

కర్బీ నవ్వలేదు. “రేపు పదకొండుకల్లా లైను తలుపు లోపలికి రావాలి. వచ్చిందా, మీ బల్ల మీదే. రాలేదా, వచ్చే నెల నుంచి ఈ బల్ల ఉండదు. సంత సంఘంలో అందరూ ఒప్పుకున్నారు. రాయల్ గారు కూడా.”

ఆ పేరు వినగానే ఆవిడ చేతిలో పట్టీల కట్ట ఆగిపోయింది. రాయల్ ప్రూయెట్ అంటే మా కౌంటీలో వేటకెళ్ళేవాళ్ళందరికీ గురువు. నలభై ఏళ్ళుగా చర్చి కింది గదిలో తుపాకీ ఎలా పట్టుకోవాలో, ఎలా ఖాళీ చెయ్యాలో పాఠాలు చెబుతున్నాడు. వెర్నెల్ కూడా అక్కడ నేర్చుకున్నదే.

“ఆయనేమన్నాడు?” అంది.

“వీళ్ళంతా నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే, అడిగితే చాలు అన్నారు.”

“సరే. పదకొండు” అంది వెర్నెల్. కర్బీ వెళ్ళాక నాతో, “నేను చూడకుండా పంపినదాంట్లోంచి ఒక్కటి పేలితే, ఆ తర్వాత నాకు ఈ వేలెందుకు?” అంది.

శనివారం చలి కొరికేస్తోంది. ఆవిడ తెల్లారకముందే వచ్చి టార్చిలో కొత్త బ్యాటరీలు వేసుకుంది. తొమ్మిదికి తలుపు తీశారు. ఆవిడ తొందరపడలేదు, ఒక్క మెట్టూ వదల్లేదు. మాటలు మాత్రం తగ్గించింది. ఎప్పుడూ “మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?” అని అడిగే మనిషి ఆవేళ అడగలేదు. లైనులో సణుగుడు మొదలైంది.

“మిస్ వెర్నెల్, నేను తెచ్చింది అమ్ముడుపోయేలోపు తుప్పు పట్టేట్టుంది!”

“పట్టనీ డెల్బర్ట్, ఖాళీగా ఉండి తుప్పు పడితే నాకేం అభ్యంతరం లేదు. మూతి డ్రమ్ములో పెట్టు.”

పదకొండుకి పన్నెండు నిమిషాలుందనగా నేను తల బయటపెట్టి లెక్కపెట్టాను. తలుపు బయట ఏడుగురే ఉన్నారు. గెలిచేలా ఉంది. కర్బీ కూడా చూసుకుని, గడియారం మీంచి చెయ్యి తీశాడు. సరిగ్గా అప్పుడు బల్ల ముందుకి రాయల్ ప్రూయెట్ వచ్చాడు.

పెద్దమనిషి, ముందుకి దూరకుండా అందరితోపాటు లైనులోనే నిలబడి వచ్చాడు. చేతిలో వాళ్ళ తాతగారి రైఫిలు. కింద లివరు, దాన్ని ఆడిస్తే తూటాలు గొట్టం కిందున్న ఇంకో సన్న గొట్టంలోంచి ఒక్కొక్కటే పైకొస్తాయి. పాత రైఫిళ్ళ ప్రదర్శన బల్ల మీద పెట్టడానికి తెచ్చాడు. అక్కడ మోజుపడ్డవాళ్ళ కోసం పట్టీ కత్తిరించి, లివరు ఆడించి చూపించడం మామూలే.

“రాత్రి ఇంట్లోనే ఖాళీ చేశాను వెర్నెల్. పట్టీ కట్టెయ్యి, నీ లైను కదులుతుంది” అన్నాడు. నిజంగా ఆవిడ మేలు కోరే అన్నాడు.

వెర్నెల్ గడియారం వైపు చూసింది. ఆయన మొహం వైపు చూసింది.

“మంచిది రాయల్ గారూ. ఇద్దరం కలిసి చూద్దాం.”

లైనులో ఎవరో “రాయల్ గారికే పరీక్షా!” అన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా రైఫిలు మూతి డ్రమ్ములోకి పెట్టి లివరు ఎనిమిదిసార్లు ఆడించాడు. ఏమీ రాలేదు. ఆవిడ టార్చి వేసింది. వేలు పెట్టింది. గూడు ఖాళీ. వేలు ఇంకాస్త లోపలికి, సన్న గొట్టం మొదటికి జరిపింది. అక్కడే ఉంచింది.

“ఖాళీ అయితే తూటాలని వెనక నుంచి తోసే ఇత్తడి ముక్క ఇక్కడికి రావాలి. రాలేదు.”

“పాతది కదా, స్ప్రింగు అలిసిపోయింది.”

“అలిసిపోయిందో, దేన్నైనా మోస్తోందో. దీనికి దెబ్బేమైనా తగిలిందా?”

రాయల్ తల గోక్కున్నాడు. “మొన్న లేళ్ళ వేటప్పుడు ట్రక్కు మీంచి జారి పడింది. చిన్న సొట్ట.”

“అందరూ నా వెనక్కి రండి” అంది వెర్నెల్, ఇసుక బస్తాలవైపు తిరిగి. అందరూ కదిలారు, కర్బీతో సహా. లివరు తెరిచే ఉంచి, రైఫిలుని డ్రమ్ములోంచి తీసి, మూతి ఇసుక బస్తాలవైపు ఉండేలా అడ్డంగా పట్టుకోమని రాయల్‌కి చెప్పింది. నా దగ్గర మడిచిన కత్తి ఒకటి అడిగి, దాని చెక్క పిడితో సన్న గొట్టం మీద సొట్ట దగ్గర మెల్లిగా తట్టింది. ఒకటి. రెండు. మూడోసారికి లోపల ఏదో జర్రున జారిన చప్పుడు హాలంతా వినపడ్డట్టయింది.

“ఇప్పుడు ఆడించండి.”

రాయల్ లివరు ఆడించాడు. తూటా పైకి లేచింది, పక్కకి ఎగిరి బల్ల మీద పడి, గిర్రున తిరిగి ఫ్లాస్కుకి తగిలి ఆగింది. దాని వెనకే ఇత్తడి ముక్క తళతళలాడుతూ వచ్చి నిలబడింది.

వెర్నెల్ మళ్ళీ వేలు పెట్టి చూసి, పట్టీ కట్టి, తూటా తీసి రాయల్ అరచేతిలో పెట్టింది. “మీరు నేర్పినదే చేశానండీ” అంది మెల్లిగా.

పదకొండూ పది అయింది. లైను తలుపు దాటి, మెట్లు దిగి, పార్కింగు చివరికి పోయింది. కర్బీ దగ్గుతూ, “మిస్ వెర్నెల్, టైము...” అన్నాడు.

“దాటింది. నాకూ గడియారం కనపడుతూనే ఉంది. ఈ ఉన్నవాళ్ళని పూర్తిచేసి లేస్తాను.”

“ఎవరూ లేవక్కర్లేదు” అన్నాడు రాయల్, అందరికీ వినపడేట్టు. “కర్బీ, నాకొక కుర్చీ తెచ్చిపెట్టు. ఆవిడ పక్కన వెయ్యి.” తర్వాత తూటా పైకెత్తి పట్టుకుని తలుపు బయటికి నడిచాడు. “ఇది నా రైఫిల్లో దొరికింది! నలభై ఏళ్ళు మీకు పాఠాలు చెప్పిన ముసలాడి రైఫిల్లో! తొందరున్నవాళ్ళు పక్క కౌంటీకి పోవచ్చు. మిగతావాళ్ళు మిస్ వెర్నెల్ చూసేదాకా ఆగుతారు!”

ఒక్కడంటే ఒక్కడు లైను వదల్లేదు. ముందు డెల్బర్ట్ చప్పట్లు కొట్టాడు, తర్వాత బీన్సూ మొక్కజొన్న రొట్టే వడ్డించే చర్చి ఆడవాళ్ళు గరిటెలతో గిన్నెలు వాయించారు. వెర్నెల్ “చాల్లే, చాల్లే, మూతులు కిందికి!” అని కేకలేసింది గానీ, మొహం మాత్రం వెలిగిపోతోంది. రాయల్ ఆవిడ పక్కన కూర్చుని మధ్యాహ్నం దాకా పట్టీలు కట్టాడు. ఆయన కట్టిన ప్రతిదాన్నీ ఆవిడ వేలు పెట్టి మళ్ళీ చూసింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. ఆవేళ ఇంకో రెండు పిస్టళ్ళలో తూటాలు దొరికాయి, రెండూ మ్యాగజైను తియ్యకముందే స్లైడు లాగినవాళ్ళవే.

మూడింటికి బీన్సు గిన్నె చుట్టూ నిలబడే, వెర్నెల్ బల్ల ఉండాలని సంఘం వాళ్ళు చేతులెత్తారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి కర్బీది. “నేను లైను పొడుగే చూశానండీ” అన్నాడు ఆవిడతో.

“చూశావులే. ఇంకో రెండు బల్లలు వేయించు, ఇంకో రెండు డ్రమ్ములు. నీ సెక్యూరిటీ వాళ్ళిద్దర్నీ రమ్మను. రెండు నెలలు నా పక్కన కూర్చున్నాకే పట్టీ ముట్టుకుంటారు.”

మార్చి సంతకి మూడు బల్లలు పడ్డాయి. అయినా లైను రోడ్డు దాకా వచ్చింది, ఎందుకంటే పక్క కౌంటీవాళ్ళు కూడా మా దగ్గరికే వచ్చారు. కర్బీ చలిలో లైను పొడుగునా తిరుగుతూ వేడి కాఫీ పంచుతున్నాడు. “నలభై నిమిషాలు పడుతుందండీ, ఇక్కడ మిస్ వెర్నెల్ చూడందే ఏదీ లోపలికి పోదు” అని చెబుతున్నాడు, ఆ పద్ధతి తనే కనిపెట్టినంత గర్వంగా.