మా మరదలు చెయ్యని పని

నేను గుమాస్తాగా పనిచేసే పప్పుల మండీకి మా తమ్ముడు కోవిల్‌పట్టి నుంచి ఫోన్ చేసేవాడు. వాడి మాటల వెనకాల అమ్మ నవ్వు వినపడేది.

"ఏంటికిరా అమ్మ అంత నవ్వుతోంది?"

"నీ మరదలు ఏందో చెప్పిందన్నా."

ఏం చెప్పిందని నేను అడిగేవాణ్ణి కాదు. రిసీవరు పెట్టేశాక ఆ రోజంతా మూటల తూకం సరిగ్గా చూడలేకపోయేవాణ్ణి. విరుదునగర్‌లో మా ఇంట్లో అమ్మ ఎప్పుడూ అట్లా నవ్వలేదు.

నవ్వాల్సింది మా ఇంట్లో కదా అనుకునేవాణ్ణి. నేను మా అక్క కూతుర్నే చేసుకున్నాను. నా భార్య అమ్మకు సొంత మనవరాలు, అవ్వా అవ్వా అంటూ ఆమె ఒడిలో పెరిగిన పిల్ల. తమ్ముడు చేసుకున్నది అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో తనకు పరిచయమైన అమ్మాయిని. మా వాళ్ళెవరికీ చుట్టం కాదు. రక్తసంబంధం ఉన్న ఇల్లు వదిలి ఆ అమ్మాయి దగ్గర అమ్మకు ఏం సుఖం దొరుకుతోందో నాకు అర్థమయ్యేది కాదు.

వాళ్ళింట్లో ఖాళీ అగ్గిపెట్టెలకు కాగితాలు అంటించే పని ఉండేది. అత్తాకోడళ్ళు జిగురు గిన్నె మధ్యలో పెట్టుకుని కూర్చునేవారు. ఒకసారి అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె వేళ్ళకు ఎండిన జిగురు కనిపించింది.

"అక్కడ కూలికి పోతున్నావా?" అన్నాను.

"కూలేందిరా. మాట్లాడుకుంటా అంటిస్తాము."

"అన్నం ఎవరు వండుతారు?"

"ఇద్దరమూ."

ఆ 'ఇద్దరమూ' నాకు గుచ్చుకుంది. మా ఇంట్లో అమ్మను చేట కూడా ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. గుమాస్తా తల్లి హాయిగా కూర్చోవాలి అనేవాణ్ణి. ఆమె కూర్చునేది, గోడవైపు తిరిగి. కోవిల్‌పట్టి పోతానని రెండు మూడు సార్లు అడిగిన తర్వాత ఆమె బట్టల సంచిని బీరువా మీద పెట్టేశాను. అక్కడికి ఆమె చెయ్యి అందదు. నా భార్య చూసి, "ఎందుకు మామా, అవ్వ సంచి అక్కడ?" అంది. ఎలుకలు కొరుకుతాయని చెప్పాను.

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే అమ్మ లేదు. సంచి లేకుండానే బయలుదేరిపోయింది. బస్టాండుకు పరుగెత్తాను. కోవిల్‌పట్టి బస్సు కదలబోతోంది. అమ్మ మెట్టు మీద ఒక కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని ఉంది. ఆ ఇంటికి పోవడానికి అంత ఆత్రమా అనిపించింది. ఆమె మణికట్టు పట్టుకుని కిందికి లాగాను. ఆమె కమ్మీ వదల్లేదు. ఇంకా గట్టిగా లాగాను.

కండక్టరు దిగి, ఏమైందని తమిళంలో అడిగాడు. మా అమ్మే, కొంచెం మతి సరిగా లేదు అని నేనూ తమిళంలోనే చెప్పాను. అమ్మకు తమిళం నాకంటే బాగా వచ్చు. ఆ మాట విని ఆమె కమ్మీ వదిలేసింది.

మర్నాడు సిగ్గేసి నేనే బస్సెక్కించాను. చెయ్యి ఎలా ఉందో చూడలేదు. ఆమె కొంగు కప్పుకుని కూర్చుంది.

నాలుగు రోజులకు మా మేనమామ, అంటే అమ్మ అన్న, అత్తతో కలిసి కోవిల్‌పట్టి వెళ్ళాడు. అమ్మ కాఫీ అందిస్తుంటే మణికట్టు చుట్టూ నల్లగా కమిలి ఉండడం కనపడింది. నాకు కబురొచ్చింది. నేను పోయేసరికి ఆ చిన్న గది నిండా మావాళ్ళే. మరదలు వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. తమ్ముడు తల వంచుకున్నాడు.

"ఎవరు చేశారమ్మా ఇది?" అని మామ అమ్మను అడిగాడు. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. అమ్మ నేల చూసింది.

"కోడలు ఎదురుగా ఉంటే ఎట్ల చెప్తుంది?" అంది అత్త. "పెట్టెలు అంటించే చెయ్యి కదా. గట్టిగానే ఉంటుంది."

ఎవరో నవ్వారు. మామ నావైపు తిరిగాడు. "ఒరే పెద్దోడా, నువ్వు బస్సెక్కించినప్పుడు చెయ్యి ఎట్లుండింది?"

"బాగానే ఉండింది మామా," అన్నాను.

ఆ మాట అబద్ధం. మా చుట్టాలందరూ ఇన్నాళ్ళూ నమ్మింది ఆ అబద్ధాన్నే. ఆ మాట అనేటప్పుడు నాకు భయం వేయలేదు. సంతోషమే కలిగింది, గెలిచినట్టు.

అమ్మ ఇక పెద్దకొడుకు దగ్గరే ఉండాలని మామ తీర్పు చెప్పాడు. మనవరాలి చేతికింద ఉంటే ఎవరికీ బెంగ లేదన్నాడు. అందరూ లేచాక మరదలు వచ్చి అమ్మ ముందు కూర్చుంది. కమిలిన చోటు మీద తన చెయ్యి ఆనించింది. ఆమెది చిన్న చెయ్యి, వేళ్ళు ఆ వేలిమచ్చల చివరిదాకా అందలేదు. తలెత్తి నన్ను చూసింది.

"వదిలెయ్యమ్మా," అంది అమ్మ, చాలా మెల్లగా. మరదలు వదిలేసింది.

అమ్మ మా ఇంట్లో ఇంకో ఐదేళ్ళు బతికింది. మళ్ళీ ఆమె మీద చెయ్యి వేయలేదని చెప్పుకోవచ్చు. కానీ నేను ఫ్యాను స్విచ్చి వేయడానికి చెయ్యి ఎత్తినా ఆమె భుజం ముడుచుకునేది. ఇంటికొచ్చిన చుట్టాలు అది చూసి వయసు అనుకున్నారు. నేను అవతలికి పోయినప్పుడు ఆమెను ఒక్కదాన్నీ కూర్చోబెట్టి ఎట్లున్నావని అడిగినవాళ్ళు లేరు. చుట్టాలున్నంతసేపూ నేను అవతలికి పోయిందీ లేదు. ఎవరితో ఏం చెప్తుందో, ఎవరి పేరు ఎత్తి నవ్వుతుందో అని పక్కనే ఉండేవాణ్ణి. ఆమె పోయినప్పుడు స్నానం చేయించడానికి మరదల్ని ముట్టుకోనివ్వలేదు మా అత్త. నేను అక్కడే ఉండి చూశాను.

కొన్నాళ్ళ తర్వాత కోవిల్‌పట్టి వెళ్ళి మరదలికి అంతా చెప్పాను. ఆమె పెట్టెలు అంటిస్తూనే వింది.

"నాకు తెలిసిందేగా బావా," అంది. "తెలియని వాళ్ళ దగ్గరికి పోయి చెప్పండి."

మొదట మామ దగ్గరికే పోయాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన కోడళ్ళు పక్కగదిలో ఉన్నారు. బస్టాండు సంగతీ, ఆ రోజు నేను చెప్పిన అబద్ధమూ చెప్పాను.

"ఇప్పుడేంటికిరా ఇది? మీ అమ్మ పోయింది కదా."

"ఆ అమ్మాయి ఉంది కదా మామా."

"సరే సరే, మెల్లగా చెప్పు. లోపల ఆడవాళ్ళు వింటారు."

వాళ్ళు వినాలనే మొదటినుంచి మళ్ళీ చెప్పాను, గొంతు తగ్గించకుండా.