మంకీక్యాప్ పెట్టుకుని సైకిల్ పందెం

తొంభైల చివర్లో మా తిరువూరు కుర్రాళ్ళకి ఏడాదికోసారి సైకిల్ పిచ్చి పట్టేది. బస్టాండు దగ్గర రోడ్డుకి అడ్డంగా ముగ్గుపిండితో గీత గీసేవాళ్ళు. అక్కణ్ణించి ఎ.కొండూరు దాకా తొక్కి, వెనక్కి వచ్చి మళ్ళీ అదే గీత దాటాలి. రేసు సైకిళ్ళు ఎవరికున్నాయి గనక! ఇంట్లో ఉన్న నల్ల సైకిలుకి మడ్‌గార్డులూ క్యారేజీ ఊడదీస్తే అదే రేసు సైకిలు.

నాకు ఆ వెసులుబాటు కూడా లేదు. మాది గుళ్ళో అర్చకత్వం చేసుకునే కుటుంబం. సైకిలు మా నాన్నది. దాని ముందున్న తీగబుట్టలో రోజూ గుడికి పూలూ కొబ్బరికాయలూ వెళ్ళేవి. బుట్ట విప్పుతానంటే ఆయన ఒప్పుకోలేదు.

"మళ్ళీ బిగించడం నీవల్ల కాదురా, నాకు తెలుసు" అన్నారు.

సైకిలైతే ఇచ్చేవారు గానీ, పందెం చూడటానికి మాత్రం ఏ ఏడూ రాలేదు. పనీపాటా లేనివాళ్ళు రోడ్డెక్కి రొప్పడం చూడాల్సిన అవసరం ఏముందని ఆయన వాదన.

పందెం వెనకాల ఒక లగేజీ ఆటో వచ్చేది. చైను తెగినవాళ్ళనీ, ఊపిరి అందనివాళ్ళనీ సైకిళ్ళతో సహా ఎక్కించుకుని ఊళ్ళో దింపేది. వరసగా రెండేళ్ళు నేను అందులోనే వచ్చాను. రెండోసారైతే నేను చెయ్యి ఎత్తకముందే డ్రైవరు బండి ఆపాడు. దాంతో ఊళ్ళో నాకు 'ఆటో పంతులు' అని పేరు పడిపోయింది. కిళ్ళీ కొట్టు దగ్గర నిలబడినా, "ఏం పంతులూ, ఆటో ఇంకా రాలేదా?" అనేవాళ్ళు. నవ్వేవాణ్ణి గానీ లోపల మండిపోయేది. అందుకే మూడో ఏడు నాకు బహుమతి మీద ధ్యాస లేదు. నా సైకిలు మీద నేను తొక్కుకుంటూ ఊళ్ళోకి రావాలి, అంతే.

పందెం ఎప్పుడూ డిసెంబరులోనే పెట్టేవాళ్ళు. వానలు పోయాయి, ఎండలు ముదరలేదు, హాయిగా తొక్కొచ్చని పెద్దల ఆలోచన. ఆ మహానుభావులు మర్చిపోయిందల్లా ఒక్కటే. అది పత్తి తీసే కాలం. పోటీలో నేను తప్ప దాదాపు అందరిదీ సేద్యమే. తీసిన పత్తి కళ్ళాల్లో ఆరబోసి ఉంది. రేడియోలో వాయుగుండం అని చెప్పినా, అది మన దాకా రాదులే అని ఎవరికి వాళ్ళే తీర్మానించుకున్నారు.

ఆ పొద్దున మబ్బు పట్టి, చలిగాలి కొడుతోంది. మా అమ్మ నాకు స్వెట్టరు తొడిగి, మంకీక్యాప్ పెట్టి, పైన మఫ్లరు చుట్టింది. కళ్ళు తప్ప ఏమీ కనపడని నన్ను చూసి గీత దగ్గరున్న వాళ్ళందరూ పడీపడీ నవ్వారు. విజిలు ఊదగానే నవ్వినవాళ్ళంతా ముందుకీ నేను వెనక్కీ అయిపోయాం.

ఎ.కొండూరు ఇంకా కొంత దూరం ఉందనగా చినుకులు మొదలయ్యాయి. కాసేపటికి ముసురు కాస్తా వానైంది. తడిసిన ఉన్ని టోపీ తలమీద బిందె పెట్టుకున్నంత బరువెక్కింది. బ్రేకు పట్టుకుంటే వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. అప్పటికే వెనక్కి తిరిగినవాళ్ళు ఎదురొస్తున్నారు. ఒక్కడూ రోడ్డు చూడటం లేదు. అందరూ ఆకాశం కేసే చూస్తున్నారు.

నేను ఎ.కొండూరులో తిరిగి వస్తుంటే రోడ్డు మీద ఎవరూ లేరు. పక్కనున్న బురద డొంకల్లోకి మాత్రం సైకిలు టైర్ల జాడలు మలుపు తిరిగి ఉన్నాయి. రోడ్డు వారగా ఉన్న ఒక కళ్ళంలో, అందరికంటే ముందున్న మా క్లాసువాడు సైకిలు పారేసి, వాళ్ళ అమ్మతో కలిసి పత్తి కుప్ప మీద పట్టా కప్పుతున్నాడు. గాలి ఆ పట్టాని నిలవనివ్వడం లేదు. నేను పరిగెత్తి ఒక మూల పట్టుకుని దాని మీద రాళ్ళు పెట్టాను.

"పందెంలో ఉన్నావు కదయ్యా, నువ్వు పో!" అంది వాళ్ళ అమ్మ.

"పోరా పంతులూ! అందరం ఇట్టా కళ్ళాలకి వచ్చాం. ఒక్కడన్నా చేరకపోతే పందెం పరువు పోద్ది!" అని వాడు అరిచాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక మళ్ళీ సైకిలెక్కాను. కాసేపటికి వెనక నుంచి హారను. ఆటో నా పక్కకి వచ్చి ఆగింది.

"ఎక్కండి పంతులూ, వెళ్దాం. మా పత్తి కూడా తడుస్తోంది, నేను గంపలగూడెం పోవాలి. మిమ్మల్ని ఊళ్ళో దింపేసి పోతా" అన్నాడు డ్రైవరు. ఎగతాళి కాదు, పాపం, నిజంగానే పిలిచాడు. లోపల సీటు పొడిగా ఉంది. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే నోరు తిరగక, తల అడ్డంగా ఊపాను. "మీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు. ఆ ఆటో కనపడకుండా పోయేదాకా చూస్తూనే ఉన్నాను. ఎక్కేస్తే పోయేదేమో అని ఒకటికి రెండుసార్లు అనిపించింది కూడా.

ఆ తర్వాత చైను ఊడింది. మొద్దుబారిన వేళ్ళతో దాన్ని ఎక్కించేసరికి ఒళ్ళంతా గ్రీజూ బురదా. ఎలా తొక్కానో, ఎవర్ని తిట్టుకున్నానో గుర్తు లేదు గానీ తిరువూరు వచ్చింది.

బస్టాండు దగ్గర టెంటు లేదు. మైకు లేదు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పందెం పెట్టిన పెద్దలు కూడా రైతులే మరి, వాళ్ళ కళ్ళాలకి వాళ్ళు పోయారు. ముగ్గు గీత వానకి ఎప్పుడో కొట్టుకుపోయింది. ఇంత కష్టపడి వచ్చి ఎక్కడ ఆగాలో కూడా తెలియలేదు. ఏడుపొచ్చింది.

అప్పుడు కనపడ్డారు మా నాన్న. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, గొడుగు పట్టుకుని, రోడ్డు వారగా నిలబడి ఉన్నారు. తుమ్ముతున్నారు. ఆయన్ని చూసి నేను చటుక్కున బ్రేకు వేసి, ఆయనకి రెండడుగులు ఇవతలే కాలు కింద పెట్టేశాను.

"మీరేంటి నాన్నా, ఇక్కడ?"

"గీత చెరిగిపోయిందిరా. నువ్వొస్తే ఎక్కడో తెలియాలి కదా, అందుకని దాని చివరే నుంచున్నా."

ఆటోలో వస్తావేమో అనుకున్నానని ఆయన అనలేదు. ఎప్పణ్ణించి నిలబడ్డారో నేను అడగలేదు. కండువా పిండుకుని మొహం తుడుచుకుంటూ, బుట్ట సైకిలు మీద ఆగిపోయిన నన్ను చూసి విసుక్కున్నారు.

"ఇక్కడిదాకా వచ్చి ఆగుతావేంట్రా? ముందు దాటు!"