పది సెంటీమీటర్లకి నాలుగు మిల్లీమీటర్లు తక్కువ

మా అక్కని ఎవరైనా 'కొత్తవాళ్లు' అంటే నాకు ఒళ్లు మండుతుంది. దేంట్లో కొత్త? ముప్ఫై రెండేళ్లుగా కత్తెర పట్టిన మనిషి. పదహారేళ్ల వయసులో మగవాళ్ల దుస్తులు కుట్టే షాపులో గుండీలు కుట్టడానికి చేరింది. అక్కడి కటింగు మాస్టరు తన బల్ల దరిదాపులకి కూడా రానిచ్చేవాడు కాదు. ఆయన భోజనానికి లేచినప్పుడల్లా చెత్తబుట్టలోంచి ఆయన చించి పారేసిన కాగితాలు ఏరుకుని, ఇంటికి తెచ్చి అతికించి, కోటు ఎలా తయారవుతుందో తనంతట తనే నేర్చుకుంది. తర్వాత రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు చేసింది. అక్కడ లోకంలో ఉన్న మనుషులందరూ కలిసి అయిదే సైజులు. ఆ అయిదింటిలో పట్టనివాళ్లు ఏం వేసుకోవాలని అడిగితే, సూపర్‌వైజరు "నీ పని నువ్వు చూసుకో" అన్నాడట. ఆ నెలాఖరుకే మానేసి నిజంగానే తన పని తను చూసుకోవడం మొదలుపెట్టింది.

ఇంటి ముందుగదే ఆమె కొట్టు. పెద్ద బల్ల, నిలువుటద్దం, ఇస్త్రీ పెట్టె, మూలన బట్టలు మార్చుకోడానికో తెర. ఒక భుజం దిగినవాళ్లు, ఆపరేషన్లు అయినవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, ఒక కాలు పొట్టివాళ్లు, ఇలా షాపుల్లో ఏదీ సరిపోనివాళ్లంతా ఆమె దగ్గరికే వస్తారు. వచ్చీ రాగానే, అడగకముందే, "ఇక్కడ కాస్త వంకరండీ, ఇక్కడ ఎక్కువండీ" అని క్షమాపణలు చెప్పుకుంటారు. అక్క అవేవీ చెవిన పడనట్టు టేపు తీస్తుంది.

ఎనిమిదేళ్ల క్రితం ఆమె కుడి బొటనవేలి కీలు వాచి, పెద్ద స్కేలు పట్టుకుని కాగితం మీద గీతలు గీయడం కష్టమైంది. అప్పుడు ఎవరో వాడిన కంప్యూటరు ఒకటి కొనుక్కుని, బట్టల నమూనాలు గీసే ఉచిత ప్రోగ్రాం ఒకటి వెతికి పట్టుకుని, నాలుగు నెలలు తంటాలు పడి నేర్చుకుంది. ఇప్పుడు అందులో నాలుగు వందల పన్నెండు మంది కొలతలున్నాయి. తెర మీద గీస్తుంది, మామూలు కాగితాల మీద ప్రింటు తీస్తుంది, వాటిని వరసగా అతికించి, కత్తిరించి, గుడ్డ మీద పరుస్తుంది. ప్రింటయ్యే మొదటి కాగితం మూలన ఒక చదరపు గడి పడుతుంది. దాని భుజం సరిగ్గా పది సెంటీమీటర్లు ఉండాలి. ఉందా, మిగతా కొలతలన్నీ సరే. లేదా, అన్నీ తప్పే. మొదటి రెండేళ్లూ రోజూ కొలిచేది. అదే యంత్రం, అదే ప్రింటరు, ఎప్పుడూ పదే. మనం రోజూ ఎక్కే మెట్లని ఎంతకాలమని లెక్కపెట్టుకుంటాం? కొలవడం మానేసింది.

ఈమధ్య ఆ కంప్యూటరు తెర మీద ఒక హెచ్చరిక రావడం మొదలైంది. ఇక మీదట ఈ సిస్టమ్‌కి రక్షణ ఉండదట, కొత్తది ఎక్కించుకోవడానికి మీ యంత్రం చాలదట. షాపువాడు 'పారేసి కొత్తది కొనండి' అన్నాడు. నిక్షేపంలా పనిచేస్తున్నదాన్ని పారెయ్యమనడానికి నోరెలా వచ్చిందో! అప్పుడు బావ తన తమ్ముణ్ణి పిలిచాడు. అతను ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. ఇంట్లో అందరూ ఇంజనీరు అంటారు. నేను మనసులో అన్నీతెలుసు అంటాను.

ఆదివారం అన్నీతెలుసు మూడు పెన్‌డ్రైవులతో దిగాడు. లినక్స్ అని ఓపెన్ సోర్స్ సిస్టమ్ ఉందని, దాని లోపలి రాతంతా బయటే ఉంటుందని, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని, పాత యంత్రాల్లో కూడా హాయిగా నడుస్తుందని చెప్పాడు. ఆ మాటలన్నీ నిజమే, వాటి మీద నాకేం కోపం లేదు. అందులో బోలెడు రకాలుంటాయట. కొత్తవాళ్లకి సులువైనవి మూడు ఏరి తెచ్చాడట. ఒకదానికి ఆకుపచ్చ గుర్తు, ఒకదానికి నీలం, ఒకదానికి బూడిదరంగు. ఇక అన్నదమ్ములిద్దరూ కంప్యూటరు ముందు కూర్చుని మూడు గంటలు చర్చ పెట్టారు. మెనూ కింద ఉంటే బాగుంటుందా, పక్కనుంటే బాగుంటుందా. బొమ్మలు గుండ్రంగా ఉండాలా, పలకలుగానా. బూడిదరంగుది మరీ ముసలిదానిలా ఉందని నవ్వుకున్నారు. దాన్ని వాడబోయే మనిషి రెండడుగుల దూరంలో నిలబడి కాలరుకి కుట్టు వేస్తోంది.

"వదినా, మీలాంటి కొత్తవాళ్లకి ఈ ఆకుపచ్చది బెస్టు. అచ్చం మీ పాతదానిలానే ఉంటుంది. మార్చామన్న సంగతే మీకు తెలీదు," అన్నాడు చివరికి.

"ప్రింటు?" అంది అక్క.

"ప్రింటుకేం వదినా, అన్నిట్లోనూ వస్తుంది."

"రావడం కాదు. కొలత ప్రకారం రావాలి."

"ప్రపంచమంతా ప్రింట్లు తీసుకుంటూనే ఉంది కదా వదినా!" అని నవ్వాడు. బావ కూడా నవ్వాడు.

ఫైళ్లన్నీ భద్రంగా దాచి మళ్లీ ఎక్కించాడు, ఆ మేరకు మెచ్చుకోవాలి. ఒక వీడియో ఆడించి చూశాడు. తెర మీద మంచుకొండల బొమ్మ పెట్టాడు. ప్రింటరు మాత్రం లోపలి గదిలో, గుడ్డ నూగు పడకుండా కప్పిన ముసుగు కిందే ఉండిపోయింది. ఆ ముసుగు ఎవరూ తియ్యలేదు. చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

అక్క ఆ కంప్యూటరుతో మొదట కుట్టింది గ్రంథాలయంలో పనిచేసే ఆవిడ కోటు. నలభై ఆరేళ్లుంటాయి. చిన్నప్పటినుంచీ వెన్ను వంకర, కుడివైపు భుజం ఎముక వీపు మీద ఉబ్బుగా ఉంటుంది. ఇరవయ్యేళ్లుగా వెనక గదిలో చిరిగిన పుస్తకాలు బాగుచేస్తోంది. ముందు హాల్లో కూర్చోబెట్టే పెద్ద ఉద్యోగానికి మొట్టమొదటిసారి ఇంటర్వ్యూకి పిలిచారు. నలుగురి ఎదుట కూర్చోవాలి. ముదురు నీలం గుడ్డ ఆవిడే తెచ్చుకుంది. రెండు నెలల క్రితం తీసిన కొలతలు ఫైల్లో ఉన్నాయి. ఏళ్ల తరబడి తన దగ్గరే కుట్టించుకుంటున్నవాళ్లకి ముతక గుడ్డతో ముందొకసారి కుట్టి చూసుకోవడం అక్క అలవాటు కాదు. తిన్నగా అసలు గుడ్డ మీదే కత్తెర వేసింది.

ఎనిమిది రోజుల తర్వాత, సోమవారం ఆవిడ కోటు వేసుకుని చూసుకుంది. గుండీ కాజాలోకి రాలేదు. వీపు దగ్గర గుడ్డ బిగుసుకుపోయి, అక్క కుట్టిన బట్టల్లో ఎప్పుడూ కనపడని ఆ ఉబ్బు అద్దంలో ఎత్తుగా కనపడింది. గుండుసూదుల డబ్బా పట్టుకుని నేను పక్కనే ఉన్నాను.

"నేనే లావయ్యానండీ," అంది ఆవిడ మెల్లగా. "ఈమధ్య కదలకుండా కూర్చునే పని ఎక్కువైంది."

అక్క టేపు తీసింది.

"వద్దండీ, ఇప్పుడు కొలవకండి. నాకు తెలుసు. శనివారం వస్తాను. అప్పటికి సరిపోతుంది." కోటు తనే విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తల వంచుకుని వెళ్తున్న మనిషిని ఆపి కొలవడానికి అక్కకి చేతులు రాలేదు.

గురువారం పొద్దున్న బావ కొత్త చొక్కా వేసుకున్నాడు. అదీ ఆ కంప్యూటరులోంచి వచ్చిందే. కాలరు గుండీ పెట్టుకోబోయి, ముఖం ఎర్రగా చేసుకుని, "ఏం కుట్టావే ఇది! పీక పిసికి చంపుతావా?" అని అరిచాడు.

చూశారా తమాషా! అదే తప్పు రెండు బట్టల్లో ఉంది. ఆవిడేమో తన ఒంటిని నిందించుకుంది. ఈయనేమో కుట్టినదాన్ని నిందించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చింది అనేసేదాన్నే, కానీ అక్క అప్పటికే లోపలి గదిలోకి పరిగెత్తింది. కాగితాల కట్టలోంచి మొదటి కాగితం లాగి, గడి మీద టేపు పెట్టింది. తొమ్మిది పాయింట్ ఆరు. ఇంకో నమూనా తీసింది. తొమ్మిది పాయింట్ ఆరు. ఆకుపచ్చది ప్రతి బొమ్మనీ కాగితం అంచుల్లోపల పట్టేలా తనంతట తనే కుదించి పెడుతోంది. అక్క స్టూలు మీద కూలబడింది. "కొలవాల్సింది. నేను కొలవాల్సింది," అని రెండుసార్లు అంది.

వెంటనే ఆవిడకి ఫోన్ చేసింది. "తప్పు మీది కాదమ్మా, ప్రింటుది," అని చెప్పింది. ఆవిడ "అలాగేనండీ, పర్లేదండీ, శనివారం వస్తాను," అని పెట్టేసింది.

సాయంత్రం అన్నీతెలుసు వచ్చాడు. తెర మీద ఒకచోట వేలు పెట్టి, "అదా! 'పేజీకి సరిపెట్టు' దగ్గర టిక్ ఉంది చూడండి. కొత్తవాళ్లు చేసే పొరపాటే వదినా," అన్నాడు.

"నేనేం టిక్ పెట్టలేదు."

"మీరు పెట్టక్కర్లేదు. అదే పెట్టుకుంటుంది."

"అదే పెట్టుకుంటే పొరపాటు నాదెలా అయింది?"

బావ మధ్యలో దూరి, "నాలుగు మిల్లీమీటర్లకి ఇంత రాద్ధాంతమా? కొంపలేం మునిగిపోయాయి?" అన్నాడు.

అక్క గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచింది. "పదికి నాలుగు మిల్లీమీటర్లు! ఆవిడ ఛాతీ దగ్గరికొచ్చేసరికి దాదాపు నాలుగు సెంటీమీటర్లు. మీ మెడకి ఒకటిన్నర. దానికే పొద్దున్న ఇల్లెగరగొట్టారు కదా! మూడు గంటలు బొమ్మలు గుండ్రమా పలకలా అని మాట్లాడుకున్నారు. ఒక్క కాగితం, ఒక్కటంటే ఒక్కటి, ప్రింటు తీసి చూశారా?"

అన్నీతెలుసు, "ఆదివారం వచ్చి నీలంది వేస్తాలెండి," అన్నాడు.

"నువ్వు వెయ్యక్కర్లేదు. ఆ పెన్‌డ్రైవులు ఇక్కడ పెట్టి వెళ్లు."

శుక్రవారం అక్క కొట్టు తలుపు మూసి, మూడింటినీ తనే పరీక్షకి పెట్టింది. వీటితో ఒక సుఖం ఉంది. లోపల ఎక్కించకుండానే, పెన్‌డ్రైవు నుంచే నడిపి చూసుకోవచ్చు. నచ్చకపోతే తీసేస్తే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఆ సంగతి అన్నీతెలుసుకి తెలుసు, మాకు చెప్పాలని తోచలేదు. ఆకుపచ్చదాంట్లో టిక్ తీసేస్తే పదే వచ్చింది, కానీ యంత్రం ఆపి మళ్లీ పెట్టేసరికి టిక్ మళ్లీ వచ్చి కూర్చుంది. నీలందానికి మా ప్రింటరు ఏమిటో అంతుపట్టక తెల్ల కాగితాలు వదిలింది. బూడిదరంగుదాంట్లో గడి సరిగ్గా పది. యంత్రం మూడుసార్లు ఆపి, మూడుసార్లు పెట్టి, మూడుసార్లు కొలిచింది. పది, పది, పది. ఫైళ్లన్నీ ఇంకో డ్రైవులోకి ఎత్తి, తెర మీద వచ్చిన ప్రతి ప్రశ్ననీ రెండేసి సార్లు చదివి, బూడిదరంగుది తన చేతుల్తో తనే ఎక్కించుకుంది. మంచుకొండలు పోయాయి. మెనూ ఎక్కడుందో నేను చూడలేదు, ఆమె కూడా పట్టించుకోలేదు.

ఆ తర్వాత కోటు కుట్లన్నీ విప్పింది. కొత్త గుడ్డ లేదు. లోపల మడిచిన అంచులు వదిలి, చాలనిచోట చంక కింద మిగిలిన ముక్కలతో సన్నటి పట్టీలు వేసి, శనివారం మధ్యాహ్నానికి ఫైల్లో ఉన్న కొలతలకి తెచ్చింది.

శనివారం బావ రాజీ కోసం తమ్ముణ్ణి కూడా పిలిచాడు. వాళ్లిద్దరూ కుర్చీల్లో ఉండగానే ఆవిడ వచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి. కోటు వేసుకుంది. గుండీలన్నీ పడ్డాయి. నడుము దగ్గర గుడ్డ కాస్త వదులుగా వేలాడింది. అక్క కళ్లు చిన్నవయ్యాయి. ఫైలు ప్రకారం అక్కడ వదులు ఉండకూడదు.

"ఏం చేశావమ్మా?" అంది.

"ఏం లేదండీ. అయిదు రోజులనుంచీ కాఫీలతో సరిపెట్టుకుంటున్నాను," అని నవ్వబోయి, తూలి, అద్దం పట్టుకుంది. నేను కుర్చీ లాక్కొచ్చి కూర్చోబెట్టాను.

"ప్రింటుది తప్పని గురువారమే చెప్పానే!"

"నా మనసు నొచ్చుకోకూడదని అలా అన్నారనుకున్నానండీ. నాకెప్పుడూ అందరూ అలాంటివే చెప్తుంటారు."

నాకు ఆ క్షణాన ఆ ఆకుపచ్చ పెన్‌డ్రైవుని కాలికింద వేసి తొక్కాలనిపించింది. దానిదేం తప్పు? తొక్కాల్సినవాళ్లు కుర్చీల్లో ఉన్నారు.

అక్క మరిది వైపు తిరిగింది. "లే."

అతను లేచాడు. "సారీ వదినా..."

"నాక్కాదు. ఆవిడకి చెప్పు."

అతను ఆవిడ ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అంటే ఏంటంటేనండీ, ప్రింట్ సెట్టింగ్స్‌లో డిఫాల్టుగా..."

"అవన్నీ వద్దు," అంది అక్క. "ఆవిడకి అర్థమయ్యేలా చెప్పు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాదండీ," అన్నాడు నేల చూస్తూ. "కంప్యూటరు నేనే మార్చాను. ఒక్క కాగితం తీసి కొలిచి చూడలేదు. కోటు చిన్నదైంది. మీరేం లావవలేదు."

ఆవిడ అతన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత అక్కని చూసింది. అక్క తలూపింది. ఆవిడ కోటు గుండీలు ఒక్కొక్కటీ విప్పి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"అయితే," అంది, "తినడానికి ఏమైనా ఉందాండీ?"

అక్క మరిదికి వంటింటి వైపు వేలు చూపించింది.