నీలం లైటు పుస్తకం

మా చిన్నప్పుడు... పటాన్‌చెరులో వాన మొదలైతే చాలు, రజియా ఆపా పరుగున వెళ్లి కిటికీ మూసేసేది. ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే ఘాటు వాసనకు ఆమెకు దమ్ము లేచేది, ఊపిరి ఆడేది కాదు. మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, "పుస్తకం తే పోరీ, జల్దీ" అనేది. నేను ఒక్క ఉరుకు ఉరికేదాన్ని...

రజియా ఆపా, అంటే రజియా అక్క, మా ఇంటి ఓనర్ల కూతురు. వాళ్ల వెనక గదిలో మేం కిరాయికి ఉండేవాళ్లం. నేను మూడో తరగతి, ఆపా పెళ్లీడు పిల్ల. ఆ దమ్ము వల్లే బడి మధ్యలో మానేసింది. వాళ్ల అబ్బాది, అదే నాన్నది, పాత సామాన్ల దుకాణం. ఇనుము, మోటర్లు, డబ్బాలు, చిత్తు కాగితాలు... ఆ కాగితాల్లోనే దొరికింది ఆ పుస్తకం.

ఇంగ్లిష్ బొమ్మల కథ. లావుపాటి పుస్తకం, నున్నటి కాగితం. అలాంటివాటిని సైబర్‌పంక్ నోయర్ గ్రాఫిక్ నవలలు అంటారని ఉద్యోగంలో చేరాక తెలిసింది. అప్పుడు ఆ పేర్లు మాకేం తెలుసు! మాకది నీలం లైటు పుస్తకం... అంతే.

ఏ పేజీ తిప్పినా చీకటి, వాన, పైపులు, పొగ. తడి రోడ్డు మీద ఎర్రగా, ఊదాగా మెరిసే బోర్డుల వెలుగు. మిగతా బొమ్మల పుస్తకాల్లో కొండలు, కుందేళ్లు ఉండేవి. అవి ఎవరి ఊళ్లో ఉంటాయో నాకు అర్థమయ్యేది కాదు. ఇది మాత్రం చూడగానే గుర్తుపట్టాను. "ఆపా, గిది మా బాపు పనికి పోయే గడ్డపోతారం గదా!" అని కేక పెట్టాను.

ఆపా కళ్లు పెద్దవి చేసి చూసింది. "అవ్ పోరీ... గా పొగ గొట్టం సూడు, అచ్చం గట్లనే ఉన్నది!"

బంధువులు ముక్కు మూసుకుని వచ్చే మా ఊరిని ఎవరో కూర్చుని ఇంత అందంగా గీశారా అని... అబ్బో, ఇద్దరం ఎంత మురిసిపోయామో!

కథలో ఒక ఆడమనిషి ఉండేది. ఆమె ఛాతీ ఇనుముది. మధ్యలో చిన్న నీలం లైటు. ఆపా మందు పీల్చుకునే డబ్బీ కూడా అదే నీలం. "గీమెకు దమ్ము రాదు తెల్సా? పుర్జా ఖరాబైతే తీసేసి కొత్త పుర్జా బిగిస్తరు... ఎంత మంచిగున్నదో" అంటూ ఆ లైటును వేలితో తడిమేది.

మా ఇద్దరికీ ఇంగ్లిష్ రాదు. అయినా ఆపా చదివేది! అక్షరాల మీద వేలు పెట్టి, దర్జాగా, తెలుగులో. పొడుగు కోటు వేసుకుని వానలో తిరిగే డిటెక్టివ్ ఆపా లెక్కలో సెక్యూరిటీ గార్డు. "రెయిన్‌కోటు ఏసుకుని తిరుగుతున్నడంటే సెక్యూరిటీ గాక ఇంకెవరైతరు?" అని నన్నే దబాయించేది.

మొదటి పేజీ చూస్తే నాకు భయం. ఆ ఆడమనిషి తడి రోడ్డు మీద వెల్లకిలా పడి ఉంటుంది... కళ్లు మూసుకుని. ఛాతీలో లైటు ఆరిపోయి ఉంటుంది.

"గీమెకు ఏమైంది ఆపా?"

"ఏం గాలే. నైట్ డ్యూటీ చేసొచ్చింది పాపం. లైటు బందు చేస్కొని పండుకున్నది. సప్పుడు చెయ్యకు."

పేజీ తిప్పితే లైటు వెలుగుతూ ఉంటుంది. ఆమె వానలో నడిచిపోతూ ఉంటుంది. "సూసినవా... లేసింది!" అనేది ఆపా. ప్రతిసారీ నాకు అప్పుడే ప్రాణం లేచి వచ్చేది.

నవ్వకండి... ఒకరోజు దుకాణంలో పడి ఉన్న చిన్న ఫ్యాను మోటరు తీసుకెళ్లి, "గిది బిగించుకో ఆపా, నీగ్గూడ దమ్ము రాదు" అన్నాను. ఆపా పడీపడీ నవ్వింది. నవ్వు కాస్తా దగ్గు అయింది, దగ్గు ఆయాసం అయింది. అమ్మ నా వీపు విమానం మోత మోగించి, మోటరు బయట పారేయబోయింది. "ఉండనియ్ ఆంటీ... అది నా పుర్జా" అని ఆపా దాన్ని లాక్కుని మందు డబ్బీ పక్కన పెట్టుకుంది.

ఆ వానాకాలం దాటలేదు ఆపా.

బడి నుంచి వచ్చేసరికి వాకిలి నిండా చెప్పులు. లోపల ఆడవాళ్లు ఏడుస్తున్నారు. మధ్యలో తెల్లటి బట్టలో ఆపా... కళ్లు మూసుకుని.

నాకు కోపం వచ్చింది. "సప్పుడు చెయ్యకుండ్రి! ఆపా నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకున్నది" అని అరిచాను.

వాళ్ల అమ్మీ నన్ను లాక్కుని గుండెలకు హత్తుకుంది. "నువ్వన్నా లేపు బేటా... నీ మాట ఇంటది" అని బావురుమంది. నేను లేపాను... ఎంతసేపు పిలిచానో. నా ఆపా లేవలేదు.

తర్వాత మేం బీరంగూడకు మారిపోయాం. ఆ పుస్తకం ఏమైపోయిందో తెలియదు. ఈమధ్య హైదరాబాదులో ఒక దుకాణంలో అదే అట్ట కనిపించింది. కొనుక్కుని, తిరుగు బస్సులోనే చదివాను. ఇప్పుడు ఇంగ్లిష్ వచ్చు కదా నాకు...

రాకపోయినా బాగుండేది.

మొదటి పేజీలో ఆమె నిద్రపోవడం లేదు. ఆమెను ఎవరో చంపేశారు. తర్వాతి పేజీల్లో ఉన్నదంతా ఆమె బతికున్నప్పటి కథ. ఆమె లేవనే లేవదు. బస్సులో అందరూ చూస్తుండగా ఏడ్చాను.

ఆపాకు నిజంగా తెలియదా? లేక తెలిసే... నేను భయపడతానని లేపిందా? ఎవరిని అడగను?

నిన్న మా అమ్మాయి ఆ పుస్తకం తెరిచింది. తొమ్మిదేళ్లు లేవు, ఇంగ్లిష్ గడగడా చదివేస్తుంది. మొదటి పేజీ చూసి, "మమ్మీ, ఈమె చచ్చిపోయింది" అంది.

"లేదు బిడ్డా... నైట్ డ్యూటీ చేసొచ్చింది. సప్పుడు చెయ్యకు" అన్నాను.

అది నన్ను వింతగా చూసి, అక్షరాలు చూపించింది. ఇప్పుడు మా ఇంట్లో అందరికీ చదవడం వచ్చు... ఆమెను లేపడమే ఎవరికీ రాదు.

మీకూ అట్లా అక్షరం రాకుండానే కథ చదివి వినిపించిన వాళ్లుంటే... వాళ్ల పేరు ఒక్కసారి ఇక్కడ రాసి వెళ్లండి.