అద్భుతాల మీద విచారణ

మెట్టుగూడలో జకర్యాగారిది ఒక్కటే జబ్బు, అనుమానం. రైల్వే ల్యాబ్‌లో ముప్ఫై ఏడేళ్లు ఇంజిన్ ఆయిల్ పరీక్షించి రిటైరయ్యాక, పరీక్షించడానికి ఇంకేమీ దొరక్క అద్భుతాల మీద పడ్డారు.

ఆదివారం చర్చిలో ఎవరైనా దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేస్తే చాలు, ఆయన జేబులోంచి నోట్‌బుక్కు బయటికొచ్చేది.

"ప్రార్థన చేయంగనే జ్వరం పోయింది" అన్నాడొకసారి ఆశీష్.

"ఎన్నో రోజు?"

"నాలుగో రోజు అంకుల్."

"గోళీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

"ప్రార్థనకు ముందా, వెనకనా?"

ఆశీష్ మిగతా సాక్ష్యం మింగేసి కూర్చున్నాడు. ఇంకోసారి షెకీనా వాళ్లింట్లో ప్రార్థన ముగియగానే పోయిన కరెంటు వచ్చింది. అందరూ హల్లెలూయ అన్నారు. జకర్యాగారు లైన్‌మన్‌కు ఫోన్ చేశారు. పాస్టర్ శాంతికుమార్ అయితే ఆయన చర్చి గేటు దగ్గర నిలబడ్డారంటే వెనక తలుపులోంచి ఇంటికి పోయేవారు.

భార్య ఎలీసబెతమ్మ ఒకసారి మురిపెంగా, "మనల్ని కలిపింది దేవుడేనండీ" అంది.

"మీ మేనమామ. నేను అక్కడ్నే ఉన్న" అన్నారాయన.

అలాంటి మనిషి రోజూ పొద్దున్నే ఆరింటికి సంచి పట్టుకుని బయటికి పోవడం మొదలుపెట్టారు. అడిగితే వాకింగ్ అన్నారు.

"వాకింగ్‌కు సంచి ఎందుకు?"

"బరువుంటే వ్యాయామం ఎక్కువైతది."

ఆయనతో కాపురం చేసి ఎలీసబెతమ్మ అనుమానించడం బాగానే నేర్చుకుంది. వాకింగ్ బూట్లు గుమ్మం దగ్గరే ఉంటున్నాయి. చొక్కాకు ఆస్పత్రి వాసన. నెలల తరబడి ఓపిక పట్టింది. ఒక గురువారం ఆయన ఎక్కిన ఆటో వెనకే ఇంకో ఆటో ఎక్కింది.

బోయిగూడలో ఆయన ఒక సందులోకి తిరిగి ఒంటిగది ఇంట్లోకి వెళ్లారు. అది చర్చిలో పాటలు పాడే ప్రేమమణి ఇల్లు. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. ఎలీసబెతమ్మ ఆటో దిగి గబగబా నడిచింది. తలుపు తోసింది.

జకర్యాగారు నేల మీద కూర్చుని ఉన్నారు. ప్రేమమణి కాలు ముందున్న పీట మీద ఉంది. ఆయన దాని కట్టు విప్పుతున్నారు. పక్కన ఆ సంచి, షుగర్ చూసే మిషను, దూది, ఆ నోట్‌బుక్కు.

"రా అక్కా" అంది ప్రేమమణి, ఏమీ కంగారు పడకుండా. "నా అద్భుతం మీద విచారణ నడుస్తుంది."

"ఏం విచారణ?"

"పోయినేడు ఎక్కడి బోధకుడో వచ్చి, నెత్తి మీద చెయ్యి పెట్టి నా షుగర్ పోయిందన్నడు కద. నేను ఇన్సులిన్ సూదులు పారేసిన. కాలికి పుండైంది. విశ్వాసం తక్కువైందన్నరు అందరు. ఈ బ్రదర్ ఒక్కరే వచ్చి, నిజంగ పోయిందో లేదో పక్కాగ తేలాలంటే రోజూ చూడాలె, తేలేదాక సూదులు ఆపొద్దు, డాక్టర్ చెప్పినట్ల వినాలె అన్నరు. ఎనిమిది నెలలాయె. ఇంకా తేలలే."

చెప్తూ నవ్వింది. తేలదని ఆమెకు ఎప్పుడో తెలుసునని ఎలీసబెతమ్మకు అర్థమైంది.

"నాకెందుకు చెప్పలే?" అని భర్తను అడిగింది.

"సూదులు మళ్ల షురూ చేసిందని చర్చిల తెలిస్తే ఆమెకు నామోషీ."

ఎలీసబెతమ్మ వంగి పుండు చూసింది. దాదాపు మూసుకుపోయింది. అంచుల చుట్టూ గులాబీరంగు కొత్త చర్మం.

"మందుకేనా తగ్గింది?"

"మందుకే" అన్నారాయన. కానీ కట్టు కట్టకుండా అలాగే చూస్తున్నారు. "మందు క్రిముల్ని చంపుతది. చర్మం మాత్రం దానంతల అదే అల్లుకుంటది. ఎట్లనో పుస్తకాలల్ల ఉంది, మొత్తం చదివిన. అయినా రోజూ ఇక్కడ చూస్తే నోట మాట రాదు."

ఆ గొంతు ఎలీసబెతమ్మ ఎన్నడూ వినలేదు. ఆయన చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు నోట్‌బుక్కు తెరిచింది. రోజుకో తేదీ, రోజుకో షుగర్ అంకె. ప్రతి అంకె కింద చిన్న అక్షరాలతో ఒకే మాట రాసి ఉంది, స్తోత్రం.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగింది, "ఈ విచారణ ఎప్పటికైతది?"

ఆయన లెక్కేసుకున్నారు. "ఆమెకిప్పుడు యాభై ఎనిమిది. ఎనభై దాక పట్టొచ్చు."

"అయితే రేపటి నుంచి నేను సుత వస్త."

జకర్యాగారు కళ్లద్దాలు సర్దుకుని ఆమె వైపు తేరిపార చూశారు.

"ఎందుకు?" అన్నారు.

ఎలీసబెతమ్మ నవ్వి, ఆటోను ఇడ్లీ బండి దగ్గర ఆపమంది.