నలభై ఒకటో పేజీ

మొన్న ఆదివారం ఇక్కడ భివండిలో అంజూర్ ఫాటా దగ్గర ఒక హాలులో మావాళ్ళ పుస్తకావిష్కరణ జరిగితే, పోకపోతే బాగుండదని పోయి వచ్చాను. శాలువాల తతంగం ముగిశాక చేతిలో పెట్టిన ఆ పుస్తకం తెరిస్తే, పద్యాలు మొదలయ్యే లోపల పదిహేను పేజీల నిండా పెద్దమనుషుల ఫోటోలే, మెడలో దండలు, రంగేసిన మీసాలు, కింద ‘శుభాకాంక్షలతో’ అని ఒక ముక్క. రోత పుట్టింది. పక్కనున్నవాళ్ళు నా ముఖం చూసి భోజనం పడలేదనుకున్నారు గాని, నిజానికి నాకు వెగటు కలిగించింది ముప్పై ఏండ్ల కింద నేనూ చేసిన అదే పని.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో భివండిలో కరెంటు పోయి సాంచాల, అదే మరమగ్గాల, చప్పుడు ఆగితే మనకు చేసేందుకు ఏమీ ఉండేది కాదు. అట్లాంటి ఖాళీ వేళల్లోనే నాకు గారడీ పిచ్చి పట్టింది. కొన్న సామానుతో కాదు, నూలు కండె, టీ గ్లాసు, బీడీ కట్ట, ఇట్లా కారఖానాలో చేతికందినవాటితో నేనే కొత్తగా కల్పించిన ఆటలు. కండెలు చుట్టే పనికి వచ్చే మా ఇంటామె అవన్నీ ముసిముసిగా నవ్వుతూ చూసి, ఒకరోజు తనే ఒక పోగు తీసి, మధ్యలో నాచేతనే కత్తిరింపించి, రెండు ముక్కలూ నోట్లో పెట్టుకుని, ముడి అన్నది లేకుండా ఒకే పోగుగా బయటికి లాగింది. పొద్దంతా తెగిన పోగులు అతికే వేళ్ళకే తట్టే ఆట అది. నా ఇరవై ఆటలూ ఒక ఎత్తు, అది ఒక్కటీ ఒక ఎత్తు.

ఆ తర్వాత ఈ ఆటలన్నిటితో పుస్తకం వేయాలన్న పురుగు నన్ను తొలిచింది. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎడమ బొటనవేలు ఎక్కడ, నాలుక కింద ఏది అని అడిగి అడిగి, ఆ ఒక్క ఆటకే బొమ్మలతో సహా ఆరు పేజీలు రాశాను. భివండిలో తెలుగు అచ్చు దొరకక రాతప్రతి కరీంనగర్‌లో ఇచ్చి వచ్చాను. శ్రావణ పున్నమికి మా కులంవాళ్ళు తీసే ఊరేగింపునాడు ఆవిష్కరణ అని అందరికీ చెప్పేశాం కూడా.

మొదటి పేజీలో కులసంఘం అధ్యక్షుడి ఫోటో వేస్తున్నానని తెలిసి మిగతా పెద్దలు ఆరుగురు అలిగారు. మనవాళ్ళలో అలకంటే మాటలు కాదు, పెండ్లికి బొట్టు పెట్టి పిలవలేదని పదేండ్లు గడప తొక్కనివాళ్ళు ఉన్నారు. ఆ ఆరుగురిలో ఒకాయన నా కారఖానా సేటు, ఇంకొకాయన మా బామ్మర్దికి పిల్లనిచ్చే మాటల్లో ఉన్నాడు. బూత్‌కు పరుగెత్తి ప్రెస్సుకు ఫోన్ చేస్తే, ముందు పేజీలు అచ్చయిపోయాయని, పున్నమికి అందాలంటే లోపల ఏవైనా ఆరు పేజీలు తీసి అక్కడ ఫోటోలు పెట్టుకోవాల్సిందేనని అన్నారు. సరిగ్గా ఆరు పేజీల ఆట ఒక్కటే ఉంది. ఇంటికి వచ్చి నేను నసుగుతుంటే, ఆమె ఇంటికి తెచ్చుకున్న కండె చుడుతూ తల కూడా ఎత్తకుండా, “నాదే తీసెయ్యి. నేనేమన్న వాళ్ళ తీర్గ అలుగుతనా?” అంది. హమ్మయ్య అనుకున్నాను. చూడండి, హమ్మయ్య అనుకున్నాను! తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

పున్నమినాడు ఆ పెద్దలు ఒక్కొక్కరూ తమ పేజీ వెతుక్కుని, ముఖం నల్లగా పడిందని సణిగి, పుస్తకం చంకలో పెట్టుకుని పోయారు. అందులో గారడీ ఉందని చూసినవాడు లేడు. ఆ సాయంత్రం చుట్టాల ఆడవాళ్ళు పోగు ఆట చూపమని అడిగితే, మా ఇంటామె, “గది బుక్కుల లేదు కద వదినె” అని నవ్వి లేచిపోయింది. ఆ తర్వాత ఎవరడిగినా, చివరికి నేను బతిమాలినా, ఆ ఆట చేయలేదు. మూడేండ్ల కింద ఆమె పోయింది.

హాలు నుంచి వచ్చి నా పుస్తకం పెట్టె అడుగునుంచి తీశాను. పక్కన ఒక పోగు పెట్టుకుని ఎంతసేపు ప్రయత్నించినా ఎడమ బొటనవేలి దాకానే గుర్తుకొస్తుంది, ఆపైన ఏ ముక్క ఎటు పోవాలో తెలియదు. రాతప్రతి ప్రెస్సువాళ్ళు తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని వాకబు చేస్తే, కండెలు చుట్టిన ఆడవాళ్ళు కొందరు సొంతూళ్ళకు పోయారు, మిగిలినవాళ్ళ పిల్లలు భివండి పక్కనే పూర్ణలో గోదాముల్లో పార్సిళ్ళు సర్దుతున్నారు, కొత్త సాంచాలేమో పోగు తెగితే వాటంతటవే ఆగిపోతున్నాయి. ఆ ఆరుగురు పెద్దమనుషుల పేర్లు చెప్పినా ఈ ఊళ్ళో ఇప్పుడు గుర్తుపట్టేవాళ్ళు లేరు.

ముందే అచ్చయిపోయింది కనుక విషయసూచికలో మాత్రం ఆమె ఆట ఇంకా ఉంది. ‘తెగిన పోగు’ అని, ఎదురుగా నలభై ఒకటి అని. ఆ పేజీ తిప్పితే మా సేటు దండ వేసుకుని నవ్వుతుంటాడు.