మీటరాయన చెరిపేసిన సందు

మా బృందంలో మీటరాయనంత నిజాయితీపరుడు ఇంకొకడు లేడు. కడుపుమండి అంటున్న మాట ఇది. పొగుడుతున్నాననుకునేరు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదివాడు. చెప్పులరిగిపోవడం అంటే ఏమిటో ఆయన్ని చూసి తెలుసుకోవాలి. ఏ ఇంట్లో మీటరు మెట్ల కింద ఉందో, ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో, ఏ సందు చివర గోడ అడ్డొస్తుందో అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. రిటైరయ్యాక ఏం చెయ్యాలో తోచక, భార్య పోయిన ఇంట్లో ఒక్కడూ కూర్చోలేక, ఒక ఆదివారం ఉదయం లైబ్రరీ పైగదికి వచ్చాడు. మా సమావేశాలు అక్కడే జరుగుతాయి.

మా పని చెప్పాలంటే చాలా తేలిక. ఇంటర్నెట్‌లో ఊరి మ్యాపు మేమే గీస్తాం. జీతం బత్తెం లేని కొలువు. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ప్రతి మార్పు పక్కనా చేసినవాడి పేరు, తేదీ, ఎందుకు చేశాడో ఒక ముక్క ఉంటాయి. పేచీ వస్తే చర్చ పేజీలో వాదించుకుంటాం, అక్కడా తెగకపోతే ఆదివారం చేతులెత్తి తేల్చుకుంటాం. నాది మందుల షాపు. ఇళ్ళకు మందులు చేరవెయ్యడానికి సరైన మ్యాపు కావాలని నా స్వార్థంకొద్దీ చేరాను.

మీటరాయన మొదట గీసింది వాళ్ళక్క ఉండే సందు. మెయిన్ రోడ్డు మీద ఒక పాత గోడౌనుకీ మోటారు గ్యారేజీకీ మధ్య ఐదడుగుల వెడల్పున లోపలికి పోతుంది. లోపల పదకొండు ఇళ్ళు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే, అక్క బట్టలు కుట్టి ఈయన్ని చదివించింది. ఇప్పటికీ రోజూ మధ్యాహ్నం భోజనం అక్క దగ్గరే. డెబ్బై దాటిన ఆవిడకు మోకాళ్ళు సహకరించవు. అయినా సందు మొదట్లోకి వచ్చి నిలబడి తమ్ముడు వస్తున్నాడా లేదా అని చూసేది.

రెండేళ్ళలో మీటరాయన నాలుగు వందల సందులు గీశాడు. దాంతోపాటు ఆయనకొక పట్టింపు కూడా తలకెక్కింది. నేల మీద ఈ రోజు ఏముందో అదే గీయాలి, నిన్న ఉన్నది, రేపు రావలసింది కుదరవు. మాట మంచిదే. ఎవరి మీద ప్రయోగించాడన్నదే పేచీ.

మాలో ఒక లెక్కల టీచరమ్మ ఉంది. కాలవ మీది నడక వంతెనను మున్సిపాలిటీ వాళ్ళు విప్పేస్తే, కొత్తది కట్టేదాకా దాన్ని మ్యాపులో ఉంచుదామని ఆవిడ అడిగింది. "తీసేస్తే వంతెన కావాలన్న సంగతి కూడా మర్చిపోతారండీ" అంది.

"మ్యాపు మన జ్ఞాపకాలు దాచుకునే పెట్టె కాదమ్మా" అన్నాడు మీటరాయన.

అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను. టీచరమ్మ మొహం చిన్నబోయింది. కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుండిపోయింది.

ఆ తర్వాత నాలుగు నెలలకు గోడౌను చేతులు మారింది. కొన్న ఆసామి వచ్చీ రాగానే సందు మొదట్లో ఇనప గేటు పెట్టించాడు. మొదట పగలు తెరిచి ఉంచాడు. తర్వాత తాళం వేశాడు. ఆ తర్వాత గేటు వెనక ఇటుకలు, ఇనప ఊచలు దించాడు. అడిగితే స్థలం నాదే అన్నాడు. పదకొండు ఇళ్ళవాళ్ళూ వెనక మురుక్కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి రోడ్డెక్కడం మొదలుపెట్టారు. జారుడు గట్టు, ఇరవై నిమిషాల నడక. అక్క ఇల్లు కదలడం మానేసింది.

మా చర్చ పేజీలో ఎవరో గేటు ఫోటో పెట్టారు. మ్యాపులో దారి ఉంది, అక్కడికి పోతే తాళం ఉంది, సంగతేమిటని అడిగారు. నలభై సందేశాలు నడిచాయి. ఒకాయన అయితే ఈ ఊరి మొహమైనా చూడకుండా, దారి అంటే ఏమిటో మూడు పేజీల వ్యాసం రాశాడు. ఆదివారం ఆ గొడవ పైగదికి చేరింది.

టీచరమ్మ స్పష్టంగానే చెప్పింది. "గేటు పెడితే దారి మూతపడుతుంది గానీ మాయమైపోదు కదండీ. దారి అలాగే ఉంచి, గేటు గుర్తు పెట్టి, తాళం వేసి ఉందని రాయండి. ఇలాంటివాటికి మన పద్ధతి అదే."

అది అక్షరాలా నిజం. మా పద్ధతి అదే. మీటరాయనకూ తెలుసు. కానీ గదిలో అందరి చూపులూ తన మీదే ఉన్నాయి. అది తన అక్క సందని అందరికీ తెలుసు.

"వంతెనకో న్యాయం, మా అక్కకో న్యాయమా?" అన్నాడు. "నేను పోయి చూసొచ్చాను. కాలు పెట్టే చోటు లేదు. అలాంటిదాన్ని దారి అంటే జనం నవ్వుతారు. నేనే తీసేస్తాను."

"పంతానికి పోకండి. అది మీ ఒక్కరి దారి కాదు" అంది టీచరమ్మ.

ఆయన చెవిన పెట్టలేదు. తనవాళ్ళని వెనకేసుకొచ్చాడని ఎక్కడ అంటారోనని ఆయన భయం. చేతులెత్తమన్నారు. తీసెయ్యాలని ఆరుగురు, వద్దని ఒక్క టీచరమ్మ. నేనూ చెయ్యెత్తాను. టీ చల్లారిపోతోంది, త్వరగా తేలితే బాగుండునని అనుకున్నట్టు గుర్తు. నాకు సిగ్గుగా ఉంది.

ఆయన అక్కడే కూర్చుని దారి చెరిపేశాడు. కింద ఇలా రాశాడు: "నేల మీద దారి లేదు. స్వయంగా చూశాను." ఆ వారం చర్చ పేజీలో ఆయన నిష్పాక్షికతకు అభినందనలే అభినందనలు.

పదకొండు ఇళ్ళవాళ్ళూ మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెట్టుకున్నారు. విచారణ రోజున వాళ్ళ ముఖ్య సాక్షి మీటరాయనే. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తోడుగా నేనూ వెళ్ళాను. ముప్పై ఏళ్ళపాటు ఆ సందులోంచే వెళ్ళి మీటర్లు చదివానని, అది అందరిదీనని గట్టిగా చెప్పాడు. ఆఫీసరమ్మ రాసుకుంది.

అప్పుడు గోడౌను తాలూకు లాయరు ఒక కాగితం తీశాడు. మా మ్యాపే.

"ఈ మ్యాపు ఎవరు గీశారండీ?"

"మేమేనండీ."

"ఇందులో సందు కనబడట్లేదే. తీసేసింది ఎవరు?"

"నేనే" అన్నాడు.

"కింద మీరు రాసిన మాట కాస్త చదివి పెడతారా?"

చదివాడు. గది వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాత మార్పులన్నీ భద్రంగా ఉంటాయమ్మా, వెనక్కి తిప్పి చూడొచ్చు, సందు అందులో ఉంది అని ఆయన గొంతు చించుకున్నాడు. ఫోను తెరిచి చూపించబోయాడు, పాత పేజీ దొరక్క వెతుకుతూనే ఉన్నాడు.

"సాక్షిగారే లేదని రాస్తే నేనేం చెయ్యనండీ?" అంది ఆఫీసరమ్మ. అర్జీ కొట్టేసింది.

టీచరమ్మ ఆ సాయంత్రమే దారిని తిరిగి గీసి, గేటు గుర్తు పెట్టింది. ఒక్కరూ అడ్డు చెప్పలేదు, అభినందించనూ లేదు. దాంతో ఏమీ మారలేదు.

మర్నాడు అక్కకు మందులివ్వాలి. మీటరాయనా నేనూ గట్టు మీదుగా నడిచాం. దారిలో ఆయన రెండుసార్లు జారాడు. చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. అక్క గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పక్కింటావిడ విచారణ సంగతంతా అప్పటికే చెప్పినట్టుంది.

"ఆ మాట నువ్వే రాశావట్రా?" అంది.

"నేనే అక్కా. పద్ధతి ప్రకారం..."

"ఎవరైనా రాయమన్నారా?"

"లేదక్కా."

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా చేతిలోంచి మందులు తీసుకుని, ఏది పొద్దున, ఏది రాత్రి అని అడిగి, మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత తమ్ముడి బురద కాళ్ళ వంక చూసింది.

"వాడెవడో గేటు పెడితే తియ్యమని అడగొచ్చురా, దెబ్బలాడొచ్చు" అంది. "నువ్వు లేదని రాశాక నేను ఎవరి దగ్గరికి పోను?"

మీటరాయన గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆవిడ లోపలికి రమ్మనలేదు.